తీజ్ గంపలో సలాడ్ ఆకులు

చెల్పూర్
20 అక్టోబర్ 2024

చెల్లె తారికి,

నేను బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. గొంతులో గడ్డ తీసేశారు. అది చెడ్డ గడ్డే, కానీ మొత్తం వచ్చేసింది, ఇక ప్రాణానికి భయం లేదని హైదరాబాద్ డాక్టర్ చెప్పాడు. గడ్డతో పాటు సగం గొంతు కూడా పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తుంది గానీ మాట రాదు. రోజూ "ఆ", "ఈ" అని సాధన చేస్తే బొంగురుగానైనా వస్తుందట. జనగామ డిపో కండక్టరుగా ఇన్నేళ్లు "పాలకుర్తి, తొర్రూరు" అని అరిచిన మనిషిని. ఇప్పుడు చిన్నపిల్లవాడిలా అక్షరాలు దిద్దమంటున్నారు.

నువ్వు ఫోన్‌లో "అన్నా, అన్నా" అంటుంటే ఇవతల గోడలా నిలబడడం నాకు ఇష్టం లేదు. నీ చిన్న ఫోన్‌లో తెలుగు కనబడదు. అందుకే ఉత్తరం. మన ఇంటి లంబాడీ మాటకు అక్షరాలు లేవు కాబట్టి తెలుగులోనే తిట్లయినా, మంచి మాటలైనా.

విశ్రాంతికని కూతురింటికి వస్తే, ప్రియ నన్ను ఖాళీగా కూర్చోనివ్వడం లేదు. అల్లుడు గణేశ్ కరెంటు ప్లాంటు డ్యూటీకి పోగానే నా చేతికి ఏదో ఒక పని ఇస్తుంది. ఈసారి విత్తనాల పొట్లాలు తెప్పించింది. చైనా, జపాన్ వైపు చలికాలంలో వేసుకునే ఆకుకూరలట. మిజునా, తత్సోయ్, పాక్ చోయ్ అని పేర్లు. ఆ పేర్లు నోరు తిరగక ప్రియ అవస్థ పడుతోంది, నాకు ఆ బాధ లేదు. మన ఆవచెట్టు జాతే అనుకో. క్వార్టర్ వెనక నాలుగు మడులు చేశాను. తొందరపడి దసరాకు ముందే చల్లితే మొలిచిన మొలకలు ఎండకు వడలిపోయాయి. ఇప్పుడు చలి మొదలైంది, మళ్లీ వేశాను.

సగం గింజలు నీకు పంపుతున్నాను. ఎలా పెంచాలో నీకు నేను చెప్పాలా? పెళ్లికి ముందు మన బచ్చన్నపేట తండాలో తీజ్ పండుగకు గోధుమ మొలకలు పెంచే నీ గంపను మించిన గంప లేదు.

పిల్లలను అడిగానని చెప్పు.

నీ అన్న
తుల్సీరాం


పెద్దవంగర
5 నవంబర్ 2024

అన్నకు తారి దండం పెట్టి రాసేది,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి ఏడ్చిన. మూడోసారి చదివితే నవ్వొచ్చింది. గొంతు పోయినా నీ నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

గింజలు అందినయి. నువ్వు తీజ్ మాట రాసినవు చూడు, నాకు వెంటనే అర్థమైంది. నీ గొంతు కోసం మొక్కు అనుకున్న. మగవాళ్లు ఇట్లాంటివి నోరు తెరిచి అడగరు కదా. అందుకే పద్ధతి తప్పకుండా చేసిన. గంపలో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి పోసి, గింజలన్నీ దట్టంగా చల్లి, వడ్లు పెట్టే చీకటి అర్రలో పెట్టిన. ఎండ చూపకుండా మూడు పూటలా నీళ్లు చిలకరించిన. పెళ్లి కాని పిల్లలు శ్రావణంలో చేసే పని, మనవలున్న ముసలిది దీపావళికి చేస్తుందని తండా అంతా ముక్కున వేలేసుకున్నది. చేసుకుంటే చేసుకోనీ. సన్నగా, పొడుగ్గా, పసుపుపచ్చగా లేచినయి. నా చేతికి ఇంకా తీజ్ గుణం పోలేదు.

ఇంకో మాట. ఫిబ్రవరి పదిహేను సేవాలాల్ మహారాజ్ జయంతికి అగ్గిలో నైవేద్యం వేసే భోగ్ పెట్టడానికి తండా పెద్ద రెడ్యా ఇప్పటి నుంచే పని మొదలుపెట్టిండు. నా పెళ్లై ఈ తండాకు వచ్చినప్పటి నుంచి హోమం ముందర నిలబడి అందరి తరఫున ప్రార్థన చెప్పేది నువ్వే. ఈ ఏడు కూడా నువ్వే చెప్పాలె. "తుల్సీరాం మామ గొంతు లేకుంటే గది భోగ్ ఎట్లైతది?" అన్నడు రెడ్యా. నీకు ఆపరేషన్ అయిందని రెడ్యాకు తెలుసు, గొంతు సంగతి తెలియదు. నేను చెప్పలే. ఇంకా మూడు నెలలు ఉన్నది, అప్పటికి వస్తది.

వస్తవు కదా.

తారి


చెల్పూర్
16 నవంబర్ 2024

తారీ,

నీకు దండం. అవి తినే ఆకులు, మొక్కు కాదు. నీ చేతిని మెచ్చుకుందామని ఒక మాట రాస్తే గింజలన్నీ చీకటి అర్రలో పెట్టావు. పసుపుపచ్చగా ఉన్నాయంటే వెలుతురు లేక పాలిపోయాయని అర్థం. వెంటనే గంప బయట పెట్టు. పొద్దున ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. దట్టంగా ఉన్నవి కొన్ని తీసెయ్. నిజానికి జానెడు దూరంలో వరసలుగా వెయ్యాలి.

నా మడులు చూస్తే నీకు కళ్లు కుడతాయి. మిజునా ఆకు అంచులు కత్తిరించిన కాగితంలా చీలికలు చీలికలుగా ఉంటాయి. తత్సోయ్ నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటుంది, ఒక్కో ఆకు ఒక చెంచాలా ఉంటుంది. పాక్ చోయ్‌కి తెల్లటి లావు కాడ. పొద్దున్నే మంచు పడ్డ ఆకులు చూస్తూ కూర్చుంటే టీ చల్లారిపోతోంది. ప్రియ విసుక్కుంటోంది గానీ, తన తండ్రి ఒకచోట ఓపికగా కూర్చోవడం దానికి కొత్త.

కొన్ని కోసి తడిగుడ్డలో చుట్టి పంపుతున్నాను. మన హరిలాల్ హనుమకొండ బస్సులో డ్యూటీలో ఉన్నాడు, అక్కడి నుంచి తొర్రూరు బస్సులో ఎవరికైనా అప్పజెపుతాడు. రుచి చూసి రాయి.

తుల్సీరాం


పెద్దవంగర
30 నవంబర్ 2024

అన్నా,

నీ ఆకులు వచ్చినయి. రెండు బస్సులు మారేసరికి సొమ్మసిల్లినయి. పెసరపప్పులో పచ్చిమిర్చి వేసి మెత్తగా ఉడికించిన. గంపెడు ఆకు గుప్పెడైంది, కాస్త చేదు. ఇంట్లో ఎవరూ రెండోసారి పెట్టించుకోలే. మిగిలినవి మేకలకు వేసిన. అవి మాత్రం నీ పేరు చెప్పుకుని తిన్నయి.

గంప సంగతి అడగకు. నువ్వు అట్ల రాసినంక నాకు ఒళ్లు మండి దొడ్లో గోడ పక్కకు విసిరేసిన. నీ బాగు కోసం మొక్కు చేస్తే వెక్కిరిస్తవా.

అసలు కోపం అది కాదు. భోగ్ ప్రార్థన గురించి అడిగితే ఒక్క ముక్క రాయలే. ఆకు అంచులు చీలినయి, కాడ తెల్లగా ఉన్నది అని కాగితం నింపినవు. మాట ఎగ్గొట్టడానికి ఆకులు పంపుతున్నవా? మా తండా మీద నీకేమన్నా కోపమా? పోయిన ఏడు రెడ్యా నీకు తలపాగా కట్టడం మర్చిపోయిండు, అది మనసులో పెట్టుకున్నవేమో అని మా ఇంట్లో అంటున్నరు. నేను కాదన్న. కాదనే నమ్ముతున్న.

ప్రియ మొన్న ఫోన్‌లో ఒకటి చెప్పింది. డాక్టర్ చెప్పిన సాధన నువ్వు చేస్తలేవట. తలుపు వేసుకుని కూర్చుని, బయటికొచ్చి చేసిన అని తల ఊపుతవట. "బాపు చెయ్యడు అత్తా, నాకు ఎరుకే" అన్నది. ఆ పిల్ల పరేషాన్‌లో ఉన్నది. దీనికి జవాబు రాయి. ఆకుల గురించి రాయకు.

తారి


చెల్పూర్
11 డిసెంబర్ 2024

తారీ,

మేకలకు వేశావు. బాగుంది.

అవి పచ్చిగా తినే ఆకులు. ఉప్పు, నిమ్మరసం చల్లుకుని అన్నంతోనో, రొట్టెతోనో నమలాలి. ఉడికిస్తే ఏముంటుంది? ఈ సంగతి ముందు రాయకపోవడం నాదే పొరపాటు. తలపాగా సంగతి నాకు గుర్తే లేదు, మీ ఇంట్లో వాళ్లకు వేరే పని లేదా?

జవాబు అడిగావు కదా, రాస్తున్నాను. పోయిన నెల మొదట్లో సాధన చేశాను. కొంచెం శబ్దం వచ్చింది. ఎండిన రేకు మీద గోరుతో గీసినట్టు ఉంది. మనవరాలిని ఎత్తుకుని దాని పేరు పిలిచాను. పిల్ల నా ముఖం చూసి కెవ్వున ఏడ్చి ప్రియ దగ్గరికి ఉరికింది. ఆ తర్వాత దుకాణానికి పోయి "ఉప్పు" అన్నాను. అక్కడున్నవాళ్లు సైగ చేసి రాసివ్వమన్నారు, పైగా జాలిగా నవ్వారు. ఆ రోజుతో మానేశాను. మూగవాడిని చూస్తే జనం సర్దుకుంటారు గానీ, ఆ గొంతు వింటే భయపడుతున్నారు.

నన్ను మీ తండా గౌరవించింది ఈ గొంతు చూసే. హోమం దగ్గర నేను ప్రార్థన అందుకుంటే దొడ్లలో కట్టేసిన ఎడ్లు కూడా చెవులు రిక్కించేవి. చీమకు, పురుగుకు, పశువుకు, మనిషికి అందరికీ మేలు జరగాలని అడిగే మాటలు అవి. ఆ మాటలను ఈ గీకుడు గొంతుతో చెప్పి పాడు చెయ్యను. రెడ్యాకు చెప్పు, వేరే మనిషిని చూసుకోమను. నేను రాను.

మడులు కూడా సరిగ్గా లేవు. నువ్వులగింజంత నల్లపురుగులు పడ్డాయి. చెయ్యి పెడితే చిటుక్కున ఎగిరిపోతాయి. ఆకులు జల్లెడలయ్యాయి.

తుల్సీరాం


పెద్దవంగర
27 డిసెంబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలే. తండాలో ఎవరికీ చూపియ్యలే. నీకు ఇంత కష్టం ఉన్నదని తెలియక తలపాగా గిలపాగా అని రాసినందుకు నా మీద నాకే రోత పుట్టింది. రెడ్యాకు నీకు ఆరోగ్యం బాగలేదని మాత్రం చెప్పిన. నా మరిది బిక్షపతిని ప్రార్థన నేర్చుకోమన్నరు. "వదినా, నాకు గంత పెద్దది నోటికి రాదు" అని వాడు వద్దంటే, నేనే బతిమాలి ఒప్పించిన. ఎద్దుల కాడ నిలబడి ఒకటే వల్లెవేస్తున్నడు. సగం మాటలు మింగేస్తున్నడు.

పురుగులకు పొద్దున మంచు ఆరకముందు కట్టెల బూడిద చల్లు. పైన పలుచటి పాత చీరో చున్నీయో కప్పు. వంకాయ చెట్టుకైనా జపాన్ ఆకుకైనా పురుగు పురుగే.

ఇప్పుడు నువ్వు నవ్వకు. నేను విసిరేసిన గంప ఉన్నది చూడు, దొడ్లో గోడ పక్కన పక్కకు ఒరిగి పడ్డది. సగం మొలకలు చచ్చినయి. మిగిలినవి వెలుతురుకు పచ్చబడినయి. ఒకనాడు మేక పైపైన కొరికి పోయింది. పోతే పోనీ అని వదిలేసిన. నాలుగు రోజులకు కొరికిన చోటే మళ్లీ చిగురు పెట్టినయి, ముందటి కంటే గుబురుగా. ఇంకోసారి మేక వచ్చేలోపు నేనే కొడవలి పట్టుకున్న. వేలెడు ఎత్తు వదిలి పైన కోసిన. మళ్లీ వచ్చినయి. వరసలు, జానెడు దూరం అంటివి, అవేవీ లేకుండా గంపలో దట్టంగా ఉన్నవే లేత ఆకులు ఇస్తున్నయి.

నువ్వు చెప్పినట్టే పచ్చిగా తిన్న. పల్లీలు వేయించి పొడి కొట్టి, ఉల్లిగడ్డ, ఉప్పు, నిమ్మకాయ కలిపిన. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తలుపు దిక్కు చూసిన, ఎవరన్నా చూస్తున్నరేమో అని. కరకరమన్నది, తర్వాత ఆవాల ఘాటు ముక్కుకు తగిలింది. జొన్నరొట్టెలో పెట్టుకుని మొత్తం గిన్నె ఖాళీ చేసిన. ఇప్పుడు మా ఇంట్లో అందరూ తింటున్నరు. మేకలకు మిగలడం లేదు.

మనవరాలు ఏడ్చిందని మానేసినవా? నీకు మీసాలు ఉన్నప్పుడు నీ ముఖం చూసి నా పిల్లలందరూ ఏడ్చినరు. మీసం తీసినవా అప్పుడు?

కోపం లేని నీ చెల్లె
తారి


చెల్పూర్
18 జనవరి 2025

తారీ,

బూడిద పనిచేసింది. ప్రియ పాత చున్నీ కప్పాను. నీ కొడవలి పద్ధతి కూడా ఒక మడిలో చేసి చూశాను. దట్టంగా మొలిచినచోట లేత ఆకులు కోస్తే వారానికే మళ్లీ చిగురుస్తోంది. నేను వరసలంటూ నీకు ఉపదేశం చేశాను, అది పెద్ద మొక్కలకు. రెండూ సరైనవే అని ప్రియ తీర్పు చెప్పింది. మీసం మాట చదివి అది పడీపడీ నవ్వింది.

మొన్న ఒకటి జరిగింది. నీకు రాయకుండా ఉండలేను.

పక్క క్వార్టర్‌లో సాయమ్మ అని ఉంది. కొత్తగా వచ్చారు. గోడ మీద నుంచి చూసి, "ఏందయ్యా గివి, మస్తుగున్నయ్" అంది. కోసుకుపో అని చేత్తో సైగ చేశాను. ఆమె లోపలికి వచ్చి తత్సోయ్ మొక్కను కుదురుకాడ పట్టుకుని వేరుతో సహా పీకింది. తోటకూర కట్ట కట్టేటప్పుడు మనందరం చేసేది అదే కదా, పీకి మన్ను దులపడం. రెండోది పీకింది. రెండు నెలలు మంచులో కూర్చుని పెంచిన మొక్కలు. మూడో దాని మీద చెయ్యి వేసింది. నేను చేతులు ఊపాను, ఆమె అటు తిరిగి వంగి ఉంది.

"పీకకు" అని అరిచాను.

అరుపు కాదు, ఆ రేకు గీసిన శబ్దమే. కానీ వచ్చింది. ఆమె లేచి నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గట్ల కసురుతవేందయ్యా? కొయ్యాల్నంటే కోస్త. గా ముక్క ముందుగాల చెప్పొద్దా?" అని నన్నే దులిపేసింది.

చూడు తారీ, గొంతు ఎలా ఉందో ఆమె పట్టించుకోలేదు. ఏమన్నానో విని కోపగించుకుంది. ఆపరేషన్ అయ్యాక నా నోటి మాట విని ఒకరు కోప్పడటం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "వేలెడు ఎత్తు వదిలి కొయ్యి, మళ్లీ వస్తది" అన్నాను. మధ్యలో రెండుసార్లు గాలి అయిపోయింది. ఆమె ఆగి విన్నది. పోతూ పోతూ పీకిన రెండు మొక్కలూ కొంగులో వేసుకునే పోయింది.

అప్పటి నుంచి పొద్దున్నే మడుల దగ్గర సాధన చేస్తున్నాను. తలుపు వేసుకోవడం లేదు.

భోగ్‌కి వస్తాను. వచ్చి వెనక కూర్చుంటాను. ప్రార్థన మాత్రం చెప్పను. సాయమ్మ మూడడుగుల దూరంలో ఉంది, మీ తండాలో చివర నిలబడ్డవాళ్లకు కూడా వినబడాలి. అంత గొంతు నాకు రాలేదు, ఇక రాదు కూడా. ఇది నాకు తెలుసు, నువ్వు వాదించకు.

తుల్సీరాం


పెద్దవంగర
2 ఫిబ్రవరి 2025

అన్నా,

సాయమ్మకు నా తరఫున ఒక చీర పెట్టు.

వస్తనన్నవు, నాకు అదే చాలు. నువ్వు చెప్పకుంటే చెప్పకు. నిజం చెప్పాలంటే, ఇప్పుడు నువ్వు చెప్తనన్నా నాకు ఇబ్బందే అయ్యేది. బిక్షపతి పొద్దూమాపూ చదివి చదివి గొంతు పోగొట్టుకుంటున్నడు. వాడిని పక్కకు జరగమంటే పండుగ పూట ముఖం మాడ్చుకుంటడు. రెడ్యా కూడా వాడి పేరే ఖాయం చేసిండు. నీకు కష్టంగా ఉంటదేమో, నువ్వు నిలబడే చోట ఇంకొకరిని చూడటం. ఆ సంగతి ముందే రాస్తున్న, వచ్చినంక మనసు చిన్నబుచ్చుకోకు.

మంచి కబురు ఒకటి. నా గంపలో పసుపు పూలు వచ్చినయి. పంట చేతికొచ్చినట్టే కదా. తండాలో అందరికీ చూపించిన.

తారి


చెల్పూర్
9 ఫిబ్రవరి 2025

తారీ,

ఆవ చేనులో పువ్వు వస్తే పండుగే గానీ వీటికి పువ్వు వస్తే ఆకు పని అయిపోయినట్టు. ఎండ ముదురుతోంది, ఇక చేదెక్కుతాయి. నాలుగు మొక్కలు గింజకు వదిలి మిగతావి మేకలకు వెయ్. ఈసారి నేను ఏమీ అనను. మన ఎండ తట్టుకున్న మొక్కల గింజ కాబట్టి వచ్చే చలికాలానికి బాగా రావచ్చని ప్రియ అంటోంది.

బిక్షపతి సంగతి బాగుంది. చిన్నబుచ్చుకోను అని రాయాలని ఉంది. చిన్నబుచ్చుకుంటాను. అయినా వస్తాను. పద్నాలుగు సాయంత్రం బస్సుకు ప్రియ, నేను. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టకు.

తుల్సీరాం


పెద్దవంగర
19 ఫిబ్రవరి 2025

అన్నా,

క్షేమంగా చేరినవని ప్రియ ఫోన్ చేసింది. అయినా ఉత్తరం రాస్తున్న. నువ్వు ప్రార్థన చెప్పేటప్పుడు ఎప్పుడూ కళ్లు మూసుకుంటవు. అందుకే మాటలు వినబడినా, అక్కడ ఏం జరిగిందో నువ్వు చూడలే. నేను చూసిన.

బిక్షపతి మొదలుపెట్టిండు, బాగనే చెప్పిండు. బెల్లం, నెయ్యి అగ్గిలో పడుతున్నయి. సగం కాడ ఆగిండు. అటు చూసిండు, ఇటు చూసిండు. నేను నీ దిక్కు చూస్తే నువ్వు తల దించుకుని ఉన్నవు. అప్పుడు వెనక నుంచి నీ గొంతు వచ్చింది, ఆగిన మాట కాడి నుంచి. నిజంగానే గీకుడు గొంతే, అబద్ధం ఎందుకు చెప్పాలె. ముందర ఉన్నవాళ్లు వెనక్కి తిరిగినరు. రెడ్యా జనాన్ని పక్కకు జరిపి నిన్ను హోమం కాడికి తీసుకొచ్చిండు. నువ్వు కళ్లు మూసుకున్నవు.

నీ మాట పది మందిని దాటి పోలే, అది నువ్వన్నట్టే. అయితే వినబడనోళ్లు ఏం చేసినరో తెలుసా? దగ్గరికి వచ్చినరు. వెనకటి ఏళ్లల్లో నీ గొంతు తండా చివరిదాకా వినబడేది కాబట్టి ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని, సగం ముచ్చట్లు పెట్టుకుంటూ వినేటోళ్లం. ఈసారి ముసలోళ్లు, పిల్లతల్లులు, పొలం గట్టు తగాదాలో మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా భుజానికి భుజం తగిలేటట్టు నీ చుట్టూ చేరినరు. నువ్వు ఒక మాట అంటే ముందటోళ్లు అదే మాట గట్టిగా వెనకటోళ్లకు అందించినరు. నువ్వు గాలి కోసం ఆగినప్పుడల్లా తండా మొత్తం నీతో పాటు ఆగింది. చీమకు, పురుగుకు మేలు జరగాలె అనే కాడ నీ మనవరాలు ప్రియ చంకలో నుంచి నీ దిక్కు చెయ్యి చాచింది, ఏడవలే. నువ్వు కళ్లు తెరిచేసరికి అందరూ మళ్లీ సర్దుకున్నరు.

నాకు సంతోషంగా ఉన్నది అన్నా. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

నిన్న బిక్షపతి దొడ్లో మేకలు తోలుతుంటే అడిగిన, రెండు నెలలు వల్లెవేసినవు, గక్కడ ఎట్ల మర్చిపోయినవురా అని. వాడు మేకల దిక్కే చూసుకుంటూ, "వచ్చే ఏడు గూడ గక్కడ్నే మర్చిపోత వదినా" అన్నడు.

నీ చెల్లె
తారి